మూడు నదుల నగరపు వార్తావాణి

పరదేశమందలి యొక నగరముయొక్క పూర్వచరిత్రను తెలిసికొనగోరువాడు, అచ్చటి వంతెనలను, చర్చీలను, ధనికుల మేడలను చూచి తృప్తినొందక, ఆ యూరి గ్రంథాలయములో దుమ్ముపట్టియున్న పాతపత్రికల సంపుటములను విప్పి చూచినగాని, ఆ నగరము ఇన్నాళ్లును తనలో తానేమి చెప్పుకొన్నదో వానికి బోధపడదు. రాజుల పేళ్లు శాసనములయందును, సేనానుల పేళ్లు చరిత్రగ్రంథములయందును నిలిచియుండును. కాని పచారికొట్టు పెట్టుకొన్నవాని పేరు, ఉక్కుకొలిమిలో పనిచేసి చేయి కాల్చుకొన్నవాని పేరు, బడిలో పద్యము చక్కగ చదివి బహుమానమందిన పిల్లదాని పేరు అచ్చులో కనబడునది ఊరి పత్రికలో మాత్రమే. ఈ దృష్టితో చూచినపుడు అమెరికా సంయుక్తరాష్ట్రములలో పెన్సిల్వేనియా రాష్ట్రపు పశ్చిమభాగముననున్న పిట్స్‌బర్గు నగరచరిత్ర నాకు మిక్కిలి ఆదరపాత్రముగ తోచినది. అది న్యూయార్కు వలె మహానగరము కాదు. 1950లో 6,76,806 మంది నివసించిన యా యూరిలో 2020 నాటి జనాభా లెక్కల వేళకు 3,02,971 మంది మాత్రమే మిగిలియుండిరి. అయినను పత్రిక, రేడియో, టెలివిజన్ అను మూడింటి చరిత్రలోను ఒక్కొక్క ముఖ్యఘట్టము ఆ మధ్యతరహా నగరమునందే జరిగినది.

ఉత్తరమునుండి అలెఘెనీ, దక్షిణమునుండి మొనాంగహేలా అను నదులు ప్రవహించి వచ్చి, ఆ యూరి ముంగిట కలిసికొని, అచ్చటినుండి ఒహైయో అను పేర పడమటికి సాగిపోవును. సంగమస్థలముల మహిమ నెరిగిన మనవారికి ఆ చోటి ప్రాధాన్యమును వేరుగ చెప్పనక్కరలేదు. ఫ్రెంచివారును ఇంగ్లీషువారును దానికొరకు పోరాడిరి; 1758లో అది ఇంగ్లీషువారి వశమైన పిదప విలియం పిట్ అను రాజనీతిజ్ఞుని పేరు దానికి వచ్చినది. 1786 నాటికిని అది కొన్ని వందలమంది మాత్రమే కాపురముండు సరిహద్దు గ్రామమే. అట్టి చోట పత్రిక నడువవలెనని కలగన్నవాడు హ్యూ హెన్రీ బ్రాకెన్‌రిడ్జ్ అను న్యాయవాది. అతని ప్రోత్సాహమున జాన్ స్కల్, జోసెఫ్ హాల్ అను ఇరువురు యువముద్రాపకులు ఫిలడెల్ఫియానుండి కొయ్య అచ్చుయంత్రమొకదానిని బండిపై నెక్కించుకొని, బాటలు సరిగ లేని అలెఘెనీ పర్వతములను దాటించి తెచ్చి, ఆ సంవత్సరము జులై 29వ తేదీన 'పిట్స్‌బర్గు గెజెట్' అను వారపత్రిక తొలి సంచికను వెలువరించిరి. ఆ పర్వతములకు పడమట అచ్చుపడిన మొదటి పత్రిక అదియే.

హాల్ కొలది నెలలకే కాలధర్మము నొందెను. బరువంతయు స్కల్ భుజములమీద పడెను. కాగితము కొండలకు ఆవలినుండి రావలెను. మంచు కురిసినను, వాగులు పొంగినను, అది సమయమునకు రాదు. అట్టి వేళల స్కల్ ఆ యూరి కోటలోని సైనికాధికారుల నాశ్రయించి, తుపాకిమందు పొట్లములు కట్టుటకై దాచియుంచిన దళసరి కాగితమును బదులు తెచ్చి, దానిమీదనే పత్రికను అచ్చువేసెను. గుండ్లకు చుట్టవలసిన కాగితముపై మాటలను కూర్చిన యా ముద్రాపకుని తలచుకొన్నపుడు నాకు వానియెడల గాఢమైన గౌరవము కలుగుచున్నది. అతడు ఆ యూరి తపాలా అధికారిగ కూడ పనిచేసెను. వచ్చి పడియుండియు ఎవ్వరును తీసికొనని ఉత్తరముల చిరునామాదారుల పేళ్లను వరుసగ పత్రికలో ప్రకటించుట ఆ కాలపు అమెరికా పత్రికల యాచారము. దూరదేశముల బంధువులను విడిచి అడవిలో కొంప కట్టుకొన్న వలసవానికి, ఆ పట్టికలో తన పేరు కనబడినపుడు కలిగెడి యానందము, రాజధానిలో జరిగిన యే మహాసభా వృత్తాంతము చదివినను కలుగదుగదా! ఊరిపత్రికయొక్క సారము ఆ పేళ్ల పట్టికలోనే యున్నదని నా నమ్మకము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ పల్లె బొగ్గునకును, గాజునకును, ఇనుమునకును, తుదకు ఉక్కునకును ప్రపంచప్రసిద్ధి కెక్కినది. పట్టపగలు వీథిదీపములు వెలిగించుకొనవలసినంత పొగ దానిని కప్పివేసెను. ఆ పొగలోనే ఉదయపత్రికలు, సాయంకాలపత్రికలు, వలసవచ్చినవారి భాషలలోని పత్రికలు అసంఖ్యాకముగ పుట్టి, ఒకదానితో నొకటి పోటీపడి, కొన్ని పెరిగి, పెక్కు గిట్టినవి. వాని నన్నిటిని వర్ణించుట నా యుద్దేశము కాదు. ఒక్క సంగతి మాత్రము విడువరానిది.

1885వ సంవత్సరము జనవరిలో 'డిస్పాచ్' అను దినపత్రికయందు ఎరాస్మస్ విల్సన్ అను ప్రసిద్ధ వ్యాసకర్త, ఆడపిల్లలు దేనికి పనికివత్తురని ప్రశ్నించి, స్త్రీకి ఇల్లే సర్వస్వమనియు, బయటికి పోయి పనిచేయు స్త్రీ వికృతియనియు అర్థము వచ్చునట్లు వ్రాసెను. తండ్రి మరణముచే దరిద్రమునకు లోనై, తల్లికి తోడుగ బ్రతుకు నీడ్చుచున్న యొక యువతి దానిని చదివి సహింపలేక, 'ఒంటరి అనాథబాలిక' యని సంతకము చేసి సంపాదకునికి ఉత్తరము వ్రాసెను. అందలి భాషలో దోషములున్నను ప్రాణమున్నదని గుర్తించిన సంపాదకుడు జార్జి మాడెన్, ఆ వ్రాసినవారెవరో తెలియజేయుడని పత్రికలో ప్రకటించెను. మరునాడు కార్యాలయపు మెట్లెక్కి వచ్చిన యా పిల్ల పేరు ఎలిజబెత్ కాక్రన్. స్త్రీలు స్వంత పేరుతో పత్రికలలో వ్రాయుట ఆనాడు మర్యాద కాదు గనుక, ఆ యూరివాడే యైన స్టీఫెన్ ఫాస్టర్ రచించిన యొక పాటలోని పేరును ఆమెకు పెట్టిరి. అదియే నెల్లీ బ్లై. ఆమె కర్మాగారములలో దినమంతయు నిలువుకాళ్లపై పనిచేయు బాలికల యవస్థను వ్రాసెను. కర్మాగారముల యజమానులకు ఆ వ్రాతలు రుచింపలేదు. ఆమెను పూలతోటలు, వేషభూషణములు మొదలగు విషయములకు మరల్చిరి. ఆ పంజరమున నిలువజాలక 1887లో ఆమె న్యూయార్కునకు పోయి, పిచ్చియాసుపత్రిలో రోగివలె ప్రవేశించి అందలి దురంతములను బయటపెట్టియు, 72 దినములలో భూప్రదక్షిణము చేసియు జగద్విఖ్యాతి గాంచెను. కీర్తి న్యూయార్కున కలిగినను, ఆమెకు పేరు పెట్టిన యూరు పిట్స్‌బర్గే.

ఇంక నేను కొంచెము నిలిచి చెప్పదలచిన పత్రిక 'పిట్స్‌బర్గు కూరియర్'. దక్షిణ రాష్ట్రములలోని పత్తిచేలను, అచ్చటి అవమానములను విడిచి, ఉక్కుకార్ఖానాలలో పనికై ఉత్తరమునకు తరలివచ్చిన నల్లజాతివారు ఆ నగరమున హిల్ డిస్ట్రిక్ట్ అను గుట్టపేటలో విశేషముగ చేరిరి. తెల్లవారి పత్రికలలో వారి పేళ్లు నేరముల వార్తలయందు తప్ప తక్కిన పుటలలో అరుదుగ కనబడుచుండెను. పెండ్లియైనను పేరు లేదు, చదువులో ప్రథమస్థానము వచ్చినను పేరు లేదు, చనిపోయినను పేరు లేదు. ఈ లోపమును తీర్చిన పత్రికకు బీజము వేసినవాడు ఎడ్విన్ నథేనియల్ హార్ల్‌స్టన్ అను కావలివాడు. ఊరగాయలకును చట్నీలకును ప్రసిద్ధమైన హైంజ్ కర్మాగారమున కాపలా కాయుచు, తీరిక వేళల కవిత్వము వ్రాసికొనెడి యా మనుష్యుడు 1907లో తన రచనలను తానే అచ్చువేయించి పంచిపెట్టుటతో కూరియర్ మొదలయ్యెను. 1910లో అది సంస్థారూపము దాల్చిన పిమ్మట రాబర్ట్ ఎల్. వాన్ అను న్యాయవాది సంపాదకత్వము వహించి, దానిని దేశమునందలి నల్లజాతి పత్రికలలో అగ్రశ్రేణికి తెచ్చెను.

దక్షిణ రాష్ట్రములలో కొన్ని చోట్ల ఆ పత్రికను అమ్ముటయే అపాయకరము. అయినను అది వాడవాడలకు చేరెను. ఎట్లనగా, పుల్మన్ రైలుపెట్టెలలో ప్రయాణికులకు పడకలు వేయు నల్లజాతి సేవకులు పత్రికకట్టలను తమ సామానులో దాచి తీసికొనిపోయి, దారిలోని స్టేషనులలో నమ్మకస్తులకు అందించుచుండిరి. మంగలిదుకాణములలో, చర్చీల వసారాలలో ఒకడు చదువగా పదిమంది వినిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కొలదికాలమునకు కూరియర్ ప్రతులు మూడున్నర లక్షలు దాటినవి. ఆ యుద్ధకాలమున, 1942 జనవరి 31వ తేదీ సంచికలో, కాన్సాస్ రాష్ట్రమందలి విచిటా నగరమున విమాన కర్మాగారపు భోజనశాలలో పనిచేయు జేమ్స్ జి. థాంప్సన్ అను యువకుని లేఖ యొకటి అచ్చుపడెను. బయటి శత్రువుపై విజయముతో పాటు స్వదేశములోని జాతివివక్షపై కూడ విజయము సాధింపవలెననియు, సగము అమెరికనుగ బ్రతుకుటకు నేను ప్రాణమీయవలెనా యనియు దాని సారాంశము. మరుసటి వారమే పత్రిక ఆ భావమును 'జంట విజయ'మను ముద్రగ చెక్కించి ప్రకటించెను. ఇంగ్లీషు 'వి' అక్షరములు రెండు గల యా గుర్తు దేశమంతట వ్యాపించెను. ఒక పాఠకుని యుత్తరమును ఉద్యమముగ మార్చగల చెవి ఆ సంపాదకవర్గమున కుండెను.

మన దేశమునకును ఆ పత్రికకును సంబంధము లేకపోలేదు. కుమార్ ఘోషాల్ అను భారతీయుడు అందు శీర్షిక నిర్వహించుచు మన స్వాతంత్ర్యోద్యమముయొక్క న్యాయమును అమెరికా నల్లజాతి పాఠకులకు విన్నవించెను; పత్రిక పక్షమున యుద్ధవిలేకరిగ పనిచేసిన ఫ్రాంక్ బోల్డెన్ భారతదేశమునకు వచ్చి గాంధీ, నెహ్రూలతో సంభాషించెను. ఇరుప్రక్కల పరాభవమును చవిచూచినవారు కావున ఒకరి మాట ఒకరికి సులభముగ తెలిసియుండును.

పత్రికలసంగతి అట్లుండ, మాటను కాగితముయొక్క అవసరము లేకయే ఊరంతటికి వినిపింపజేసిన విద్య కూడ అచ్చటనే రూపుదిద్దుకొన్నది. వెస్టింగ్‌హౌస్ విద్యుత్సంస్థలో ఇంజనీరైన ఫ్రాంక్ కాన్రాడ్, విల్కిన్స్‌బర్గు అను శివారు గ్రామములోని తన యింటి మోటారుకొట్టములో నిస్తంత్రి యంత్రములను నిర్మించుకొని ప్రయోగములు చేయుచుండెడివాడు. మొదటి ప్రపంచయుద్ధమున ప్రభుత్వము నిషేధించిన యభ్యాసకుల ప్రసారములు 1919లో మరల అనుమతింపబడెను. ఎల్లవేళల తానే మాటలాడి యలసిపోయిన కాన్రాడ్, గ్రామఫోను పెట్టెను యంత్రమునకు ఎదురుగ నుంచి పాటలను వినిపించెను. చెవులకు తగిలించుకొను గొట్టములతో ఇండ్లలో కూర్చుండి వినుచున్న యువకులు ఇంకను వినిపింపుమని ఉత్తరములు వ్రాసిరి. అందరికి సమాధానమీయ వీలుగాక అతడు వారమునకు రెండు సాయంకాలములు నియమముగ పాటలు ప్రసారము చేయుదునని ప్రకటించెను. తన వద్దనున్న పాటలపలకలు ఇంతలో చెల్లిపోయెను. అపుడు ఆ గ్రామములోని సంగీతవస్తువుల దుకాణదారు, పాటతోపాటు మా దుకాణము పేరు చెప్పినచో పలకలు ఎరువిచ్చెదననెను. రేడియో ప్రకటనల వర్తకమునకు ఆ కొట్టములోనే ఆరంభము జరిగినదనవచ్చును. కాని అది ఇరుగుపొరుగువారి సహాయముగ మొదలైనదను మాటను మరువరాదు.

1920 సెప్టెంబరు 29వ తేదీన జోసెఫ్ హార్న్ అను పెద్ద అంగడివారు 'సన్' పత్రికలో, కాన్రాడ్ పాటలను వినదగిన యంత్రములు పది డాలర్లు మొదలుకొని మా వద్ద దొరకునని ప్రకటించిరి. ఆ ప్రకటన వెస్టింగ్‌హౌస్ ఉపాధ్యక్షుడు హ్యారీ డేవిస్ కంటబడెను. నిస్తంత్రి యనునది ఇద్దరు రహస్యముగ మాటలాడుకొను సాధనమని లోకము భావించుచున్న కాలమున, అది ఒకడు చెప్పగా వేలమంది వినదగినదనియు, ప్రసారము నియమముగ జరిగినచో యంత్రములు కొనువారు తామే వత్తురనియు ఆయన గ్రహించెను. కొలది వారములలోనే కార్యము సిద్ధమయ్యెను. నవంబరు 2వ తేదీ రాత్రి, హార్డింగ్, కాక్స్ అనువారు పోటీచేసిన రాష్ట్రపతి యెన్నికల ఫలితములను, ఈస్టు పిట్స్‌బర్గులోని కర్మాగారపు మేడపై కట్టిన చిన్న కొట్టునుండి ప్రసారము చేసిరి; అదియే కె.డి.కె.ఎ. కేంద్రము. లియో రోసెన్‌బర్గ్ అను ఉద్యోగి ఫలితములను చదువుచు, ఈ మాటలు ఎవరికైన వినబడుచున్నయెడల మాకు తెలియజేయవలెనని నడుమ నడుమ ప్రార్థించుచుండెను. యంత్రమెచ్చట మొరాయించునో యని కాన్రాడ్ తన కొట్టములో రెండవ యంత్రమును సిద్ధపరచుకొని మేలుకొనియుండెను. ఇంతకును ఆ ఫలితములు మేడమీదికెట్లు చేరెననగా, 'పోస్ట్' అను దినపత్రిక కార్యాలయమునుండి టెలిఫోనులో. రేడియో నోటిలోనికి తొలిమాటను అందించినది పత్రికయే.

మొదటి రేడియో కేంద్రమను గౌరవమునకు డిట్రాయిట్ మొదలగు నగరములును హక్కు చెప్పుచున్నవి. డిట్రాయిట్ పత్రికవారి కేంద్రము కొన్ని నెలలముందే మాటలాడినది. ఈ వివాదమున నాకంత యాసక్తి లేదు. ఆ తరువాతి ఏడాదిలో కె.డి.కె.ఎ. కేంద్రమువారు చేసిన పనులే నాకు ముఖ్యములుగ తోచుచున్నవి. గదిలో వాద్యములు మ్రోగించిన ప్రతిధ్వని యెక్కువై వినసొంపుగ లేకపోగా మేడమీద డేరా వేసి యందు పాడించిరి. గాలికి డేరా యెగిరిపోగా గదిలోపలనే గుడ్డలు వ్రేలాడదీయుట నేర్చిరి. 1921 జనవరి 2వ తేదీన కాల్వరీ చర్చి ప్రార్థనను ప్రసారము చేసినపుడు, భక్తుల దృష్టి చెదరకుండుటకై యంత్రములు చూచుకొను ఇద్దరికి గాయకబృందమువారి యంగీలు తొడిగిరి, వారిలో నొకడు యూదుడు, రెండవవాడు కాథలిక్కు, చర్చి ప్రొటెస్టెంటులది. ఆ యేటి ఆగస్టు 5వ తేదీన ఫోర్బ్స్ క్రీడారంగమునుండి హెరాల్డ్ ఆర్లిన్, మార్చుకొన్న టెలిఫోనును మైకుగ చేతబట్టి బేస్‌బాల్ ఆటను కన్నులకు కట్టునట్లు చెప్పెను. మంచముపట్టిన వృద్ధునికి గుడియు, ఆటస్థలమును ఇంటికి వచ్చినట్లయినది.

మొనాంగహేలా యొడ్డుననున్న హోమ్‌స్టెడ్ ఉక్కుపట్టణమున 1948లో వెలసిన డబ్ల్యు.హెచ్.ఓ.డి. కేంద్రము పరిమాణమున చిన్నదే కాని హృదయమున పెద్దది. కొలుములవద్ద పనికై వచ్చిన యూరోపు దేశీయులకు వారి వారి భాషలలో పాటలు, మాటలు వినిపించుచుండుటచే దానిని 'జాతుల కేంద్ర'మని పిలిచిరి. ఆ యేటి ఆగస్టు 1వ తేదీన మేరీ డీ అను నల్లజాతి యువతి అందు పావుగంట కార్యక్రమము ప్రారంభించెను. పాటలపలకలు వేయుచు శ్రోతలతో మాటలాడు పనిని చేపట్టిన తొలి నల్లజాతి మహిళగ ఆమెను పేర్కొందురు. పావుగంట గంటలుగ పెరిగెను. కొలదియేండ్లలో గుట్టపేట నడిబొడ్డున, దారిన పోవువారు అద్దములగుండ చూచునట్లు, ఆమెకొక ప్రసారశాల నేర్పరచిరి. ఊరికి వచ్చిన గాయకులు, ఉద్యమనాయకులు, వీథిలోని పిల్లలు అందరును అచ్చటికి వచ్చి నిలిచిరి. ఆమె సోదరుడు మాల్ గుడ్ ఆ కేంద్రమునందే వార్తలు చదివెను. కూరియర్ పత్రికలో పనిచేసినవాడును అతడే. 1962లో అతడు ఏ.బి.సి. సంస్థలో చేరి, దేశవ్యాప్త టెలివిజన్ సంస్థల తొలి నల్లజాతి విలేకరియై, క్యూబా సంక్షోభ దినములలో ఐక్యరాజ్యసమితినుండి దేశమునకు వార్తలు చెప్పెను. 1956లో డబ్ల్యు.హెచ్.ఓ.డి. కేంద్రమునకు 'వామో' యని పేరు మార్చిరి. అలెఘెనీ, మొనాంగహేలా, ఒహైయో నదుల తొలియక్షరములు ఆ పేరిలో నున్నవి.

ప్రతి వలసజనమును ఆ యూరికి తన నోటిని తాను తెచ్చుకొన్నదను మాటకు మనవారును ఉదాహరణమే. 1965లో వలసచట్టము మారిన పిమ్మట వైద్యులుగను, ఇంజనీర్లుగను వచ్చి చేరిన తెలుగువారు, ఇతర భారతీయులు కలిసి, 1976లో పెన్ హిల్స్ అను శివారు కొండమీద తిరుమల దేవస్థానముయొక్క సహాయముతో శ్రీ వేంకటేశ్వరాలయమును నెలకొల్పిరి. ఆలయమువారు 'సప్తగిరి వాణి' యను పత్రికను ప్రకటించిరి. స్కల్ తెచ్చిన కొయ్య యంత్రమునకు అది దూరపు బంధువు.

టెలివిజన్ చరిత్రకు వత్తును. 1949 జనవరి 11వ తేదీన డ్యూమాంట్ సంస్థవారి డబ్ల్యు.డి.టి.వి. ప్రసారము ప్రారంభమైన రాత్రియే, తూర్పుతీర నగరముల ప్రసారములును మధ్యదేశపు ప్రసారములును తంతిమార్గమున ఏకమయ్యెను. కొత్త కేంద్రములకు అనుమతులను ప్రభుత్వము 1952 వరకు నిలిపివేయుటచేత, కొన్ని యేండ్లు అంత నగరమునకును అదియొక్కటియే కేంద్రమై యుండెను. కొలుములు రాత్రింబగళ్లు ఆరని యూరు గనుక, నడిరాత్రి పని ముగించి వచ్చు కార్మికులకై తెల్లవారుదాక చలనచిత్రములు చూపుచుండిరి. ఊరి నిద్రవేళల నెరిగి నడచుకొనుట స్థానిక కేంద్రమునకే సాధ్యము.

కాని ఆ నగరము టెలివిజన్‌కు చేసిన మహోపకారము వేరొకటి. 1954 ఏప్రిల్ 1వ తేదీన అచ్చట డబ్ల్యు.క్యూ.ఇ.డి. అను విద్యాప్రసార కేంద్రము నెలకొన్నది. ఒక కంపెనీకిగాని ఒక విశ్వవిద్యాలయమునకుగాని చెందక, పౌరుల చందాలతో నడచిన కేంద్రములలో అమెరికాలో అదియే మొదటిది. ఇంటికి రెండు డాలర్ల చొప్పున ఈయవలసినదని గడపగడపకు పోయి యడిగిరి, ఇచ్చినవారు వేలమంది. ప్రసారము మొదలగుటకు ముందునాటి రాత్రి, కేంద్రనిర్వాహకురాలు డొరొతీ డేనియల్ తన ఉద్యోగులలో నొకనికి చారల పులిబొమ్మ నొకదానిని కానుకగ నిచ్చెను. ఆ యుద్యోగి సమీపమున లాట్రోబ్ పట్టణమున పుట్టి, న్యూయార్కులో మంచి కొలువును విడిచి వచ్చిన ఫ్రెడ్ రోజర్స్. మరునాడు జోసీ కేరీతో కలిసి పిల్లల కార్యక్రమమున ఆ బొమ్మచేత మాటలాడించి, దాని నిచ్చిన యామె పేరనే డేనియల్ యని పిలిచెను. తెరచాటున బొమ్మల నాడించిన యా మనుష్యుడే 1968 ఫిబ్రవరి 19వ తేదీనుండి తన 'పొరుగు' కార్యక్రమముతో దేశమందలి పిల్లలకెల్ల ఆత్మీయుడయ్యెను; 1969 మే 1వ తేదీన సెనేటు సంఘము ముందు నిలిచి, ఎంతమాత్రము స్వరమెత్తక మాటలాడి, ప్రజాప్రసారముల కీయదలచిన రెండు కోట్ల డాలర్లు కోతపడకుండ కాపాడెను. అతడు తెరనుండి చూచి పలుకుచుండ, ప్రతి శిశువును తన్ను పేరుపెట్టి పిలుచుచున్నట్లు భావించుచుండెను. ఆ మహానుభావుడు మరణపర్యంతము పిట్స్‌బర్గును విడువలేదు.

మరల పత్రికల గాథకు. 1927 ఆగస్టులో పాల్ బ్లాక్, హెర్స్ట్ అను ఇద్దరు పత్రికాధిపతులు నాలుగు పత్రికలను కొని, పంచుకొని, రెంటిగ చేసిరి. స్కల్ గెజెట్ ఆనాడు 'పోస్ట్-గెజెట్' అయ్యెను. దానియందే రే స్ప్రిగిల్ అను విలేకరి, సర్వోన్నత న్యాయస్థానమునకు నియమింపబడిన హ్యూగో బ్లాక్ ఒకప్పుడు క్లాన్ అను జాతిద్వేషసంఘమున సభ్యుడై యుండెనని 1937లో రుజువులతో ప్రకటించి, మరుసటి యేడు పులిట్జర్ బహుమానమందెను. 1948లో అతడు, అప్పటికి అరువదియేండ్లు దాటినవాడయ్యు, ఎండలో మేను నల్లబరచుకొని నల్లజాతివానివలె ముప్పది దినములు దక్షిణ రాష్ట్రములలో తిరిగి, చూచినదంతయు వ్రాసెను. ఎంత సాహసమైన పని యైనను, అది ముప్పది దినముల యనుభవము. కూరియర్ పాఠకులకు అది జన్మాంతము. ఈ భేదమును స్ప్రిగిల్ తానే యెరిగియుండెను.

1960లో హెర్స్ట్ పత్రిక పోస్ట్-గెజెట్‌లో లీనమై పోవుటతో ఉదయమున పోస్ట్-గెజెట్, సాయంకాలమున 'ప్రెస్' యను రెండు దినపత్రికలు మాత్రము నిలిచినవి. మరుసటి సంవత్సరమే రెండును ఒకే యంత్రశాలలో అచ్చుపడి, ఒకే బండ్లలో పంపిణీ యగుటకు ఒప్పందము చేసికొనెను. 1992 మే 17వ తేదీన ఆ బండ్లు నడుపువారు, తమ ఉద్యోగములను వందలకొలది తగ్గించు పద్ధతికి ఎదురుతిరిగి సమ్మె చేసిరి. పత్రికలను ఇండ్లకు చేర్చు వేలకొలది బాలబాలికల పనియు ఆ మార్పులో పోవలసియుండెను. జులైలో యజమానులు ఇతరులచేత బండ్లు నడిపింప యత్నింపగా, కార్మికసంఘములే జీవముగాగల యా నగరము సహింపక వీథులలోనికి వచ్చినది. ఎనిమిది నెలలు ఆ యూరికి పెద్ద దినపత్రిక లేదు. ఎవరు పుట్టిరో, ఎవరు పోయిరో తెలిసికొను నిత్యపు దారి మూసికొనిపోయినది. 1993 జనవరిలో పోస్ట్-గెజెట్ మరల వెలువడెను. అంతకుముందు దానికంటె ఎక్కువ ప్రతులు పోవుచుండిన ప్రెస్ తిరిగి రాలేదు.

ఆ తరువాతి కాలపు కథ అన్ని యూళ్లదే: ప్రకటనలు తరలిపోవుట, పుటలు తగ్గుట, అచ్చుదినములు తగ్గుట. ఐనను 2018 అక్టోబరు 27వ తేదీని మరువరాదు. ఆనాడు స్క్విరల్ హిల్ పేటలోని 'జీవవృక్ష' యూదప్రార్థనాలయమున ఒక ద్వేషి పదునొకండుగురిని కాల్చి చంపెను. ఆ పేట రోజర్స్ నివసించిన పేటయే. వారము తిరుగకమునుపే, నవంబరు 2వ తేదీన, పోస్ట్-గెజెట్ మొదటి పుట నెత్తిమీద ఇంగ్లీషు శీర్షికకు మారుగ, మృతులకై యూదులు చదువు ప్రార్థనలోని తొలిమాటలను హీబ్రూ లిపిలోనే అచ్చువేసెను. చదువరులలో ఎందరికో ఆ లిపి తెలియదు. అయినను అర్థము కానివారు లేరు. 2022 అక్టోబరులో ఆ పత్రిక ఉద్యోగులే సమ్మెకు పూనుకొనిరి. అది మూడేండ్లకు పైగా సాగినది. 2026 జనవరిలో యజమానులు, ఆ యేటి మే నెలతో పత్రికను ముగింతుమని ప్రకటించిరి. పర్వతములు దాటి వచ్చిన కొయ్య యంత్రమునకు అప్పటికి రెండువందల నలువది యేండ్లు.

కూరియర్ ఛాయాగ్రాహకుని గూర్చి చెప్పి ముగించెదను. చార్లెస్ హారిస్‌ను ఊరివారందరు 'టీనీ' యని పిలిచిరి. ఒక్క బల్బు వెలిగించి, ఒక్క చిత్రమే తీసికొని వెడలిపోవువాడు గనుక మేయర్ డేవిడ్ లారెన్స్ అతనికి 'ఒక్క దెబ్బ' యను ముద్దుపేరు పెట్టెను. 1930ల నడుమనుండి నలువదియేండ్లు అతడు గుట్టపేటలో తిరిగి పెండ్లిళ్లను, బంతియాటలను, క్షౌరశాలలను, ఊరేగింపులను, కూల్చివేయబడు ఇండ్ల ముందు నిలిచిన కుటుంబములను చిత్రించెను. అట్టివి సుమారు 80,000 ప్రతిబింబములు. 2001లో కార్నెగీ కళాప్రదర్శనశాలవారు వానిని సంపాదించి చూడగా, పెక్కింటిపై పేళ్లు వ్రాసిలేవు. పత్రికలో అచ్చైన కొన్నిటికే పేళ్లు దొరకెను. అప్పుడు ప్రదర్శనశాలవారు చిత్రములను బయటపెట్టి, ఆ పేట పెద్దలను రమ్మని పిలిచిరి. వృద్ధులు వచ్చి, కండ్లద్దములు సవరించుకొని, చిత్రముమీదికి వంగి, ఇది మా మేనత్త, వీడు మా బడిలోవాడు, ఈ వెనుక నిలిచిన పిల్లను నేనేయని ఒక్కొక్క పేరే చెప్పుచుండ, ప్రక్కన కూర్చున్నవారు వ్రాసికొనుచుండిరి.